అంబాసిడర్ కారు కాదురా, నేనే

షెఫీల్డ్, ఇంగ్లండ్,
2026 మార్చి 15, ఆదివారం.

ఒరేయ్ రవీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. పదకొండు నిమిషాలు! అందులో తొమ్మిది నిమిషాలు కాలవ గట్టు మీద గాలి, నీ బండి హారను. మిగిలిన రెండు నిమిషాల్లో తేలిందేమిటంటే, మీ బాబాయి గారి సింధు సెప్టెంబరులో ఇక్కడికి ఎమ్మెస్సీకి వస్తానంటోంది, "నువ్వక్కడ అంబాసిడర్‌వి కదరా, రావచ్చో లేదో ఒక్క ముక్కలో చెప్పు" అని. ఒక్క ముక్కలో తేలేదైతే నేనూ వాయిస్ మెసేజే పెట్టేవాణ్ణి. తేలదు కాబట్టి కాగితాలు ముందేసుకున్నాను. పోస్టులో వేస్తే నీ చేతికందేసరికి ఉగాది దాటిపోతుంది, అందుకని ఫోటోలు తీసి పంపుతున్నా. నా దస్తూరీ మీద జోకులొద్దు.

ముందు ఆ అంబాసిడర్ సంగతి. ఉద్యోగం వచ్చిన రోజు ఇంటికి ఫోన్ చేసి "అమ్మా, యూనివర్సిటీలో స్టూడెంట్ అంబాసిడర్‌గా తీసుకున్నారు" అన్నాను. అమ్మ కాసేపు ఆగి, "ఆ కార్లు ఇంకా ఉన్నాయంట్రా?" అంది. నాన్న వీధిలో అందరికీ "మావాడు రాయబారి" అని చెప్పాడట. మన తెనాలిలో రాయబారమంటే పద్యనాటకంలో కిరీటం పెట్టుకుని స్టేజీ ఎక్కే కృష్ణుడే కదా. నా రాయబారంలో కిరీటం లేదు, యూనివర్సిటీ పేరున్న టీషర్టు ఉంది. అదీ ఒక సైజు పెద్దది.

పనేమిటంటావా? చేరదామనుకునే పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ ఓపెన్ డేకి వస్తారు. వాళ్లని గుంపులుగా క్యాంపస్ అంతా తిప్పాలి. మిగతా రోజుల్లో వెబ్‌సైట్లో మా ఫోటోలూ, మాకొచ్చిన భాషలూ పెడతారు. ఎక్కడో కూర్చున్నవాళ్లు ఛాట్‌లో ప్రశ్నలడిగితే జవాబులివ్వాలి. అంతే. వినడానికి హాయిగా ఉంది కదూ? వానలో గొడుగు ఎగిరిపోతుంటే ముప్ఫై మందికి వినపడేలా మాట్లాడి చూడు.

ఇంటర్వ్యూ మాత్రం జన్మలో మర్చిపోను. ఆరుగురిని గుండ్రంగా కూర్చోబెట్టి, "మీకు బాగా తెలిసిన చోటుని రెండు నిమిషాల్లో మాకు తిప్పి చూపించండి" అన్నారు. నాకు బాగా తెలిసిన చోటేముంది? తెనాలి స్టేషన్లో దింపాను వాళ్లని. ఊళ్లోంచి మూడు కాలవలు పోతాయి, మావాళ్లు దీన్ని ఆంధ్రా ప్యారిస్ అంటారు అంటే అందరూ నవ్వారు. ఊపొచ్చేసి మార్కెట్టు దాటించి రణరంగ చౌక్‌కి తీసుకెళ్లిపోయాను. అక్కడికి వెళ్లాక గుర్తొచ్చింది నాకు, ఏం చెప్పాలో. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా అంటూ ఊరేగిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు పోయారు, ఆ స్తూపాలు వాళ్లవే. ఎవరి పోలీసులో కూడా చెప్పాలి కదా. ఎదురుగా ఉన్నదేమో ఇంగ్లీషువాళ్లు. మింగేద్దామా అనుకుని, మింగలేక, చెప్పేశాను. గదిలో కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. ఒకావిడ "థాంక్యూ" అని నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంది. పోయిందిరా ఉద్యోగం అనుకుంటూ బయటికొచ్చాను. వారం తర్వాత రమ్మన్నారు.

ఇక్కడి మొదటి టూర్ సంగతి కూడా చెప్తా, నవ్వుకో. ముప్ఫై మందికి ఎదురుగా తిరిగి, వెనక్కి నడుస్తూ మాట్లాడుతున్నాను, పెద్ద అనుభవం ఉన్నవాడిలాగా. షెఫీల్డ్‌ని ఏడు కొండల మీద కట్టారని ఇక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఏడుకొండలంటే మనకి ఒక్కడే కదా, లోపల దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను. ఆయన చూస్తూనే ఉన్నాడు, నేను మాత్రం వెనకున్న చెత్తడబ్బాని చూడలేదు. డబ్బా పడింది, దాని మీద నేను పడ్డాను. ఒక ముసలాయన చెయ్యందించి లేపి, "ఇది టూర్లో భాగమేనా?" అన్నాడు. ఆ తర్వాత మాత్రం గుంపు మొత్తం నా పక్షమే అయిపోయింది.

ఆర్ట్స్ టవర్ అని 78 మీటర్ల బిల్డింగ్ ఒకటుంది, 1960లలో కట్టింది. అందులో తలుపుల్లేని లిఫ్టు. 38 పెట్టెలు గొలుసుకి కట్టి, ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి, అసలు ఆగకుండా తిరుగుతూ ఉంటాయి. జాతరలో రంగులరాట్నాన్ని గోడ లోపల పెట్టి దాచేసినట్టు ఉంటుంది. ఎక్కేవాడే గెంతాలి, దిగేవాడే గెంతాలి. దాన్ని పాటర్‌నోస్టర్ అంటారు. జపమాల తిప్పుతూ వాళ్లు చదువుకునే ప్రార్థన పేరట అది. పూసలు తిరిగినట్టే పెట్టెలు తిరుగుతాయి కాబట్టి ఆ పేరు. పైదాకా పోతే పెట్టె తలకిందులవుతుందా అని ప్రతి గుంపులోనూ ఒకరు అడుగుతారు. అవదురా, పక్కకి జరిగి అలాగే నిలబడి దిగుతుంది. నువ్వూ అడగబోయావని తెలుసు.

నోబెల్ బహుమతుల చిట్టా కూడా చదవాలి. హాన్స్ క్రెబ్స్ ఇక్కడే పనిచేశాడు. మనం ఇంటర్ బయాలజీలో కన్నీళ్లు పెట్టుకుంటూ బట్టీ కొట్టామే క్రెబ్స్ సైకిల్, ఆ క్రెబ్స్! ఆ చక్రం 1937లో ఈ ఊళ్లోనే తేలిందట. ఆ సంగతి చెప్పేటప్పుడల్లా మన బయాలజీ సార్ బెత్తం గుర్తొస్తుంది. కానీ నాకు అన్నిటికన్నా ఇష్టంగా చెప్పాలనిపించేది పెన్నీల కథ. 1904లో ఈ యూనివర్సిటీ కోసం ఊళ్లో ఉక్కు ఫ్యాక్టరీల కూలీలు, బొగ్గు గనులవాళ్లు తలా ఒక పెన్నీ (మన పైసాలాంటిది) వేసుకుంటూ 50,000 పౌండ్లు దాటించారు. 1905లో యూనివర్సిటీ వచ్చింది. ఆ పెన్నీలు వేసినవాళ్లలో ఎంతమంది దీని గుమ్మం తొక్కి ఉంటారు చెప్పు? ఇక్కడికొచ్చేసరికి నా గొంతు మారుతుందని తోటి అంబాసిడర్లు వేళాకోళం చేస్తారు.

ఫిబ్రవరిలో ఒక తెలుగు కుటుంబం వచ్చింది. తల్లీతండ్రీ ఇద్దరూ ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి సర్కారు వైద్యంలో, డాక్టర్లు, పిల్ల ఇక్కడే పుట్టి పెరిగింది. తండ్రి ఫీజులూ క్లాసుల గంటలూ అడుగుతున్నాడు (ఇక్కడి పిల్లలకి ఏడాదికి 9,535 పౌండ్లు, మనకి దానికి రెండింతలు దాటిపోతుంది, అది వేరే ఏడుపు). పిల్ల ఎవరితోనూ సంబంధం లేనట్టు నాలుగడుగులు ముందు నడుస్తోంది. తల్లి మెల్లగా నా పక్కకొచ్చి, "ఏ ఊరు బాబూ?" అంది. తెనాలండీ అన్నాను. ఇక చూసుకో. "హాస్టల్లో అన్నం వండుకోనిస్తారా? పిల్లకి పెరుగు లేకపోతే ముద్ద దిగదు."

మాట మార్చాలని స్టీలు కథ ఎత్తుకున్నాను. 1913లో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన ఈ ఊళ్లోనే తుప్పు పట్టని ఉక్కు తయారుచేశాడు, మన వంటింట్లో స్టీలు సామాను మొత్తానికీ మూలం అదేనండీ అన్నాను. ఆవిడ అక్కడే ఆగిపోయి, చేతిసంచీ తెరిచి, స్టీలు డబ్బా ఒకటి తీసింది. మూత మీద పేరు చెక్కి ఉంది, వాళ్లమ్మ పేరట. "అయితే ఇది పుట్టింటికొచ్చిందన్నమాట!" అంది. అప్పుడు వెనక్కి తిరిగి నవ్విందిరా ఆ పిల్ల, మొదటిసారి. డబ్బాలో పులిహోర. టూరు అయ్యాక సగం నాకు పెట్టింది. చూడ్డానికొచ్చినవాళ్ల దగ్గర తినుబండారాలు పుచ్చుకోవచ్చో లేదో రూలు చూడలేదు. తిన్నాక చూద్దామనుకున్నాను, తిన్నాక ఎందుకులే అనిపించింది.

డబ్బు సంగతి చెప్పాలి, సింధుకి అది ముఖ్యం. 21 నిండినవాళ్లకి గంటకి కనీసం 12.21 పౌండ్లు ఇవ్వాలని ఇక్కడ చట్టం, ఏప్రిల్ 1 నుంచి 12.71 అవుతుంది. మన రూపాయల్లోకి మార్చి చూస్తే కళ్లు తిరుగుతాయి. మార్చొద్దు. అద్దె కూడా పౌండ్లలోనే కట్టాలి. పైగా ఇది రోజూ ఉండే పని కాదు. ఓపెన్ డే ఉన్న వారం పదిహేను గంటలు రావచ్చు, తర్వాతి రెండు వారాలూ సున్నా. అందుకే శుక్ర, శనివారాలు ఒక రెస్టారెంట్లో గిన్నెలు కడుగుతాను. ఇది నాన్నకి చెప్పకు, ఆయన రాయబారి దగ్గరే ఆగనీ. వీసా మీద టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే, సోమవారం నుంచి ఆదివారం దాకా, అన్ని పనులూ కలిపి. ఎమ్మెస్సీవాళ్లకి ఎండాకాలం సెలవులని మురిసిపోవడానికి లేదు, డిసర్టేషన్, అదే చివర్లో రాసే పెద్ద ప్రాజెక్టు రిపోర్టు, రాసే నెలలూ టర్మ్ కిందే లెక్క. బండేసుకుని ఫుడ్ డెలివరీ చేసుకోవచ్చులే అని సింధుకి ఎవడన్నా చెబితే నమ్మొద్దను. అది సొంత వ్యాపారం కిందికొస్తుంది, స్టూడెంట్ వీసా మీద కుదరదు. వేరేవాళ్ల అకౌంటు అద్దెకి తీసుకుని తిరిగేవాళ్లున్నారు. దొరికారంటే చదువూ వీసా రెండూ గోవిందా.

ఇప్పుడు అసలు సంగతి. జనవరిలో ఒక రాత్రి ఛాట్‌లో రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నా పేరు కింద తెలుగు అని చూసి, తెలుగులోనే టైప్ చేశాడు. "బాబూ, మావాడికి సెప్టెంబరుకి సీటొచ్చింది. ఇల్లు తాకట్టు పెట్టి లోను తీస్తున్నాం. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి రెండేళ్లు ఉండనిస్తారని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. బ్యాంకులో చూపించాల్సిన డబ్బు కూడా వాళ్లే వడ్డీకి సర్దుతామన్నారు. నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి అడుగుతున్నా. నిజం చెప్పు."

ఆ రెండేళ్లు అబద్ధం కాదురా, నిన్నటి నిజం. 2027 జనవరి 1 నుంచి ఆ గ్రాడ్యుయేట్ వీసాకి అప్లై చేసేవాళ్లకి పద్దెనిమిది నెలలే. ఈ సెప్టెంబరులో చేరినవాడు వచ్చే సెప్టెంబరుకి గానీ బయటపడడు కదా, కచ్చితంగా అందులోకే వస్తాడు. నా రిజల్టు వచ్చి ఈ డిసెంబరులోపు అప్లై చేసేస్తే నాకు రెండేళ్లు, ఆ అబ్బాయికి ఏడాదిన్నర. ఇల్లు తాకట్టు పెట్టేవాడికి ఆర్నెల్లంటే మాటలా?

కానీ నాకు చెయ్యి కట్టేసినట్టుంది. అనుమతి లేనివాళ్లు వీసా సలహాలివ్వడం ఇక్కడ నేరం, 1999 నుంచీ చట్టం ఉంది. ట్రైనింగ్‌లో మొదటి రోజే చెప్పారు, వీసా మాటొస్తే సంబంధించిన ఆఫీసుకి పంపించండి, మీరు నోరెత్తకండి అని. రూలు మంచిదే, నాలాంటివాడు తెలిసీ తెలియక ఏదో వాగి ఒకడి బతుకు పాడుచేయకుండా. అయినా ఆయనకి "ఆఫీసుకి మెయిల్ పెట్టండి సార్" అని ఒక్క లైను కొట్టి పడుకోడం నావల్ల కాలేదు. ఆఫీసు అడ్రసు ఇచ్చాను. దాంతోపాటు ప్రభుత్వం వాళ్ల పేజీ లింకు పంపి, "సార్, నేను సలహా చెప్పకూడదు. ఈ పేజీలో ఎన్నాళ్లు ఉండొచ్చో రాసిన చోట తేదీతో సహా మీ అబ్బాయి చేత చదివించుకోండి. డబ్బు చూపించే రూలు కూడా ఉంది, లండన్ బయటైతే నెలకి 1,171 పౌండ్ల లెక్కన తొమ్మిది నెలలకి, 28 రోజులు అకౌంట్లో కదలకుండా. ఆ తర్వాత సంతకాలు పెట్టండి" అని రాశాను.

మూడు రోజులు జవాబు లేదు. నేనొక సీటు చెడగొట్టానేమో, పైవాళ్లు పిలుస్తారేమో అని ఒకటే పీకుడు. నాలుగో రోజు వచ్చింది. "చదివాం బాబూ. లోను ఆపాం. మావాడు అలిగాడు. వచ్చే ఏడాది చూద్దాం అంటున్నా. నువ్వు వేళకి తింటున్నావా?"

ఆ చివరి ప్రశ్న చూసి కాసేపు లేవలేకపోయాను. తర్వాత మా మేనేజరుకి నేనే వెళ్లి జరిగింది చెప్పాను. పేజీ చూపించడం తప్పు కాదంది, అంకెలు మాత్రం నువ్వు రాయకుండా ఉండాల్సింది అంది. సరే అన్నాను. టీషర్టు వేసుకున్నప్పుడు ఒక మాట, విప్పేశాక ఇంకో మాట చెప్పాల్సొస్తే మాత్రం ఆ గిన్నెలే కడుక్కుంటాను.

అందుకే నీకూ రావచ్చనీ చెప్పను, వద్దనీ చెప్పను. సింధుని నాకు ఫోన్ చేయమను, నీ ద్వారా కాదు, తనే. ఏ కోర్సో, దాంట్లో నిజంగా ఏం నేర్పుతారో తను చదివిందో లేదో అడుగుతాను. లోను ఎవరి పేరు మీదో అడుగుతాను. పాటర్‌నోస్టర్ గురించి చెప్తాను, డిసెంబరులో నాలుగింటికే చీకటి పడితే ఎలా ఉంటుందో కూడా చెప్తాను. రెండూ ఇక్కడే ఉన్నాయి కదా.

గురువారం ఉగాది. వచ్చేది పరాభవ నామ సంవత్సరమట, రిజల్టు వచ్చే ఏడాదికి ఇదేం పేరురా బాబూ. ఇక్కడ మామిడికాయ దొరికింది గానీ వేపపువ్వు లేదు. నువ్వు మా ఇంటికెళ్లి నా వాటా పచ్చడి కూడా తినేసి రా. అమ్మ వేపపువ్వు గుప్పెడు వేస్తుంది, మొహం చిట్లించకు. కారు సంగతి మాత్రం ఎత్తకు, మళ్లీ మొదటికొస్తుంది.

నీ
శీను