మీ అమ్మాయి గురించి, శీనూ

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరమంతా హాయిగా చదువుకున్నాను గానీ ఒక్కచోట ఆగిపోయాను. "ఆడపిల్ల కదరా, పోటీలంటే పుట్టుకతోనే భయం. చిన్నోడైతే ఎక్కడికైనా దూరిపోతాడు" అని రాశావే, ఆ మాట నేను ఒప్పుకోను.

మేఘాలయలో ఖాసీ తెగ వాళ్ల సంగతి తెలుసుగా. పిల్లలకు తల్లి వంశం పేరే వస్తుంది. పెద్దల ఆస్తి చిన్న కూతురికి దక్కుతుంది, అమ్మానాన్నలను చూసుకునే బాధ్యతా ఆమెదే. షిల్లాంగ్ పెద్ద బజారులో బేరసారాలు ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లోనే నడుస్తాయి. కొందరు ఆర్థికవేత్తలు వీళ్లతోనూ, మగవాళ్ల పెత్తనం బాగా ఉండే టాంజానియా మసాయిలతోనూ ఒకే ఆట ఆడించారు. మూడు మీటర్ల దూరంలో బకెట్, చేతిలో టెన్నిస్ బంతి, 10 విసుర్లు. బకెట్లో పడ్డ ప్రతి బంతికీ ఇంతని తీసుకోవచ్చు. లేదా కనబడని ఇంకొకరితో పోటీకి దిగొచ్చు. గెలిస్తే మూడింతలు, ఓడితే ఏమీ రాదు. మసాయి మగవాళ్లలో 50 శాతం పోటీకే సై అన్నారు, ఆడవాళ్లలో 26 శాతమే. ఖాసీల్లో ఆడవాళ్లు 54, మగవాళ్లు 39! 2009లో అచ్చయిన ఈ లెక్క చూసినప్పటి నుంచి నాకు "పుట్టుకతోనే" అన్న మాట మీద నమ్మకం పోయింది.

అలాగని అక్కడ ఆడవాళ్ల రాజ్యమేమీ లేదురా. దర్బారు అనే ఊరి సభలో పెత్తనం మొదట్నుంచీ మగవాళ్లదే, ఇంట్లో మేనమామ మాటకు విలువెక్కువ. ఆస్తీ, బజారూ చేతిలో ఉంటేనే అంత తేడా వచ్చింది.

ఆలిస్ ఈగ్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల నుంచీ చెబుతున్నదీ ఇదే. ఎవరు ఏ పనిలో ఉంటే ఆ పనికి కావలసిన గుణాలు వాళ్లకు అలవడతాయి. చూసేవాళ్లు అవి పుట్టుక గుణాలనుకుని పిల్లల్నీ అలాగే పెంచుతారు. శరీరంలో తేడాలు లేవని ఆవిడ అనదు. కాన్పు, పాలివ్వడం, బరువులెత్తే బలం, వీటి వల్లే మొదట్లో పనులు అలా పంచుకున్నారంటుంది.

బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లా సంగతి ఇంకా నచ్చింది నాకు. వరసగా రెండు విడతలు పంచాయతీ ప్రధాన్ (మన సర్పంచ్ లాంటి) పదవి మహిళలకు రిజర్వైన ఊళ్లలో అమ్మాయిల చదువు అబ్బాయిలను అందుకుంది, ఇంటిపనికి పోయే సమయమూ తగ్గింది. ఇది 2012లో వచ్చిన పరిశోధన. అలాంటి ఆవిడ కళ్లెదుట ఉండటమే కారణమన్నారు. మన దగ్గరా సర్పంచ్ పదవుల్లో సగం మహిళలవే. కానీ "సర్పంచ్ గారూ" అంటే చాలాచోట్ల భర్త పలుకుతాడు. సంతకం ఆవిడది, మాట ఆయనది. అలాంటి పదవిలో ఐదేళ్లున్నా ఆవిడకు ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? నాకు చాలా కోపం వచ్చే విషయం ఇది.

మీ ఇంట్లోనూ చూడు. బ్యాంకుకి చిన్నోడు, కౌలు డబ్బుల మాటకి చిన్నోడు. చుట్టాలొస్తే మంచినీళ్లు, కాఫీలు అమ్మాయి. వాడు కొత్తవాళ్లతో మాట్లాడటం నేర్చుకున్నాడు, అది ఎదుటివాళ్ల అవసరం కనిపెట్టడం నేర్చుకుంది. రెండూ మంచివే, ఇద్దరికీ కావాలి.

ఈసారి కౌలు రైతు దగ్గరికి అమ్మాయిని తీసుకెళ్లు. లెక్క దాన్నే మాట్లాడనివ్వు, నువ్వు మధ్యలో అందుకోకు. తడబడినా సరే, మళ్లీసారీ దాన్నే పంపు. ఆ పూట ఇంటికొచ్చిన వాళ్లకు కాఫీ చిన్నోడు పెడతాడు. చెల్లెమ్మతో కూడా ఒక మాట చెప్పు, తను తప్పకుండా ఒప్పుకుంటుంది.

ఏం జరిగిందో వివరంగా రాయి.

నీ
రఘు