వేసవిలో కాలిక్యులస్-2 తీసుకునేవాళ్లకు

అందరికీ నమస్కారం. కాలిక్యులస్-2 అంటే ఇంటిగ్రేషన్, సిరీస్ ఉండే రెండో కాలిక్యులస్ కోర్సు. ఫీజు కట్టేముందు ఒక్క లెక్క వేసుకోండి. మామూలు సెమిస్టర్‌లో 15 వారాల్లో చెప్పాల్సిన 60 గంటల పాఠాన్ని వేసవిలో 6 వారాల్లో చెప్తే వారానికి 10 గంటల క్లాసు. గంట క్లాసుకి ఇంట్లో రెండు గంటల చొప్పున ఇంకో 20. ఫుల్‌టైం ఉద్యోగం చేస్తూ దీన్ని నెట్టుకురావడం చాలా కష్టం, దయచేసి ఆ సాహసం చేయకండి. వారానికి నాలుగు రోజుల క్లాసుల్లో ఒకరోజు మానేస్తే మామూలు సెమిస్టర్‌లో సగం వారం పైనే పోయినట్టు.

చాలామంది దెబ్బతినేది కొత్త పాఠంలో కాదు, పాత ఆల్జీబ్రాలో. పార్షియల్ ఫ్రాక్షన్స్ (పెద్ద భిన్నాన్ని చిన్న భిన్నాలుగా విడగొట్టే) పద్ధతి తెలిసినా హారానికి కారణాంకాలు తీయలేక ఆగిపోతారు. అందుకే కారణాంకాలు, ట్రిగ్ సూత్రాలు, లాగ్ నియమాలు, చైన్ రూల్ ముందే చేత్తో రాసి సాధన చేయండి.

ఇంటిగ్రేషన్‌లో అసలు పని ఏ పద్ధతో గుర్తుపట్టడం. ఎక్స్ బై (ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1) కనబడగానే బై పార్ట్స్ మొదలుపెట్టొద్దు. హారాన్ని డిఫరెన్షియేట్ చేస్తే 2ఎక్స్, పైన ఎక్స్ ఉంది. సబ్‌స్టిట్యూషన్‌తో రెండు లైన్లలో అయిపోతుంది. అధ్యాయాలు కలిపేసి లెక్కలు చేస్తేనే ఈ చూపు వస్తుంది.

సిరీస్ (అంతులేని పదాల కూడిక) చివర్లో వస్తుంది, అప్పటికి అందరూ అలసిపోయి ఉంటారు. పదాలు సున్నాకి వెళ్లినంత మాత్రాన మొత్తం కన్వర్జ్ కాదు, అంటే ఒక స్థిరమైన సంఖ్యకి చేరదు: 1 + 1/2 + 1/3 + ... డైవర్జ్ అవుతుంది, 1 + 1/4 + 1/9 + ... కన్వర్జ్ అవుతుంది.

హోంవర్క్ అదేరోజు చేసేయండి. డ్రాప్ గడువు (కోర్సు వదులుకోడానికి ఆఖరి తేదీ) వేసవిలో తొందరగా ముగుస్తుంది, ఇవాళే చూసుకోండి. వేరే కాలేజీలో చేస్తుంటే మీ కాలేజీ ఆ క్రెడిట్లు ఒప్పుకుంటుందని ముందే రాతపూర్వకంగా తీసుకోండి.