ముందు కారు చెప్పింది నిజమేనా?

సంపాదకులకు,

బండ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వీ2ఎక్స్ పరిజ్ఞానం గురించి రాసేవాళ్లు హెచ్చరిక ఎంత వేగంగా అందుతుందో చెబుతున్నారు. దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పడం లేదు. 5.9 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండులో ఈ పరిజ్ఞానం ఉన్న ప్రతి వాహనం తానెక్కడుందో, ఎంత వేగంగా ఎటు పోతోందో సెకనుకు పదిసార్ల దాకా ప్రసారం చేస్తుంది. సడన్ బ్రేక్ వేస్తే ఆ సంగతీ అందులోనే వస్తుంది. తప్పుడు హెచ్చరిక నమ్మి ఖాళీ రోడ్డు మీద బ్రేక్ పడిందా, వెనక బండి వచ్చి గుద్దుతుంది.

అందుకే వాహనాల రేడియో సందేశాల భద్రత కోసం పెట్టిన ఐఈఈఈ 1609.2 ప్రమాణం ప్రకారం ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం, ఆ సంతకం అసలుదేనని చూపే సర్టిఫికెట్ ఉంటాయి. ఎప్పుడూ ఒకే సర్టిఫికెట్ వాడితే ఆ బండి ఎక్కడెక్కడ తిరిగిందో ఎవరైనా పట్టేస్తారు కాబట్టి, పేరు తెలియని తాత్కాలిక సర్టిఫికెట్లు మారుస్తూ ఉంటారు. అమెరికా పద్ధతిలో ఇవి ఒక్కో బండికి వారానికి 20, ఆ వారమంతా అన్నీ ఒకేసారి చెల్లుతాయి. చిక్కంతా ఇక్కడే. బండిలోని పరికరం ఒకటి దుండగుల చేతికి చిక్కితే అది 20 కార్లలా నటించి, లేని ట్రాఫిక్ జామ్‌ను చూపించగలదు. సంతకాలన్నీ అసలువే! కాబట్టి 'నలుగురు చెప్పారు కనుక నిజం' అనే లెక్క పనికిరాదు. దుండగుల దాకా ఎందుకు, ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పితే చాలు, పక్క లేన్‌లో ఆగిన కారు మన లేన్‌లో ఉన్నట్టు సందేశం వస్తుంది.

సంతకం సరిచూశాక విషయాన్నీ సరిచూడాలి. సందేశం పాతదైతే పారేయాలి, లేదంటే నిన్నటి హెచ్చరికను రికార్డు చేసి ఇవాళ వినిపిస్తారు. గట్టిగా బ్రేక్ వేశానన్న బండి తర్వాతి సందేశాల్లో వేగం తగ్గిందా? అది ఉన్నానన్న చోట మన రాడార్‌కు ఖాళీ రోడ్డు కనిపిస్తోందా? మలుపు అవతల ఉన్నది రాడార్‌కు కనిపించదు, ఈ పరిజ్ఞానం అసలు అవసరం కూడా అక్కడే. అలాంటప్పుడు డ్రైవర్‌ను హెచ్చరించి, బ్రేకులను సిద్ధం చేసి ఉంచాలి తప్ప ఒక్క రేడియో సందేశాన్ని పట్టుకుని బండిని ఆపేయకూడదని మా గట్టి అభిప్రాయం.

అబద్ధమాడుతున్న బండిని గుర్తించినా, దాని సర్టిఫికెట్ల రద్దు జాబితా నెట్‌వర్క్ లేని రోడ్ల మీద తిరిగే వాహనాలకు ఆలస్యంగా చేరుతుంది. ఆ జాబితా ఎన్ని గంటల్లో అందుతుందో, ఈలోగా తమ బండి ఏం చేస్తుందో తయారీదార్లు రాతపూర్వకంగా చెప్పాలి. అనుమతులిచ్చే అధికారులు అది చూడకుండా సంతకం పెట్టొద్దని మనవి.

– వాహన సమాచార భద్రత ఇంజినీర్లు