ఎండను చూసి ఏట్లో దిగకండి

సంపాదకులకు నమస్కారం.

నేను కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర ఉంటాను. సెలవు దొరికితే కయాక్ (ఒక్కరు కూర్చుని తెడ్డు వేసే సన్నని బోటు) వేసుకుని ఏటి మీదే ఉంటాను. ఉగాది వచ్చిందంటే మాకు సీజన్ మొదలైనట్టే. చలికాలమంతా సియెర్రా కొండల మీద పేరుకున్న మంచు కరిగి 'అమెరికన్ రివర్' అనే మా నది పాయలు పోటెత్తుతాయి. శనివారం తెల్లారేసరికి కారు మీద బోటు కట్టుకుని, 1848లో బంగారం బయటపడ్డ కొలోమా ఊరికి చేరిపోతాం. ఏడాదంతా నేను ఎదురుచూసేది ఈ రోజుల కోసమే.

దాదాపు ప్రతి ఏడూ మీ పత్రికలో "అమెరికాలో నీట మునిగి తెలుగు విద్యార్థి మృతి" అనే వార్త చదివేదీ ఈ ఎండల్లోనే. కుర్రాడి ఊరు, తల్లిదండ్రుల దుఃఖం, మృతదేహం ఎప్పుడొస్తుందో అన్నీ రాస్తారు. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి, ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయి, ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉందా అన్నవి మాత్రం ఉండవు. ఇంకో ఇంటి పిల్లాడిని కాపాడగలిగేవి ఆ మూడు వివరాలే.

క్యూసెక్కుల లెక్క మన పాఠకులకు కొత్త కాదు. శ్రీశైలానికి రెండు లక్షలు, ప్రకాశం బ్యారేజీకి మూడు లక్షలు అని చదివే మనకు రెండు వేల క్యూసెక్కులంటే పిల్లకాలువలా అనిపిస్తుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. కానీ బెజవాడ దగ్గర కృష్ణ కిలోమీటరుకు పైగా వెడల్పు. ఇక్కడి ఏరు రెండు బండల మధ్య ఇరుకు సందులోంచి నిటారుగా దిగుతుంది. రెండు వేల క్యూసెక్కులంటే, హైదరాబాద్‌లో మన వీధికొచ్చే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు సెకనుకు పదకొండు చొప్పున ఆ సందులోకి వచ్చిపడటం.

ఇక చలి. ఒక ఏప్రిల్‌లో ట్రబుల్‌మేకర్ అనే రాపిడ్ (బండల మీద నీళ్లు ఉరికే చోటు) దగ్గర నా బోటు తిరగబడింది. లేపబోయి లేపలేక, బోటులోకి నీళ్లు రాకుండా నడుముకు బిగించే స్కర్టు లాగి నీళ్లలోకి వచ్చేశాను. బయట ఎండ మాడుస్తోంది. నీళ్లు పది డిగ్రీలున్నాయేమో, పడగానే నా ప్రమేయం లేకుండా నోరు తెరుచుకుని ఊపిరి ఎగబీల్చాను. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయేది నీరే. జాకెట్ నన్ను పైకి ఎత్తి పట్టుకుంది కాబట్టి దక్కాను. స్నేహితులు విసిరిన తాడును పట్టుకుందామంటే వేళ్లు ముడుచుకోలేదు, గుండెలకు అదుముకున్నాను. ఒడ్డుకొచ్చాక నా జాకెట్ బకిల్ కూడా నేను విప్పుకోలేకపోయాను. కృష్ణా కాలువలో బెండు కట్టుకుని ఈత నేర్చినవాడిని, ఆ ఈత అక్కడ పది బారలకు కూడా పనికిరాలేదు.

పోయిన మే నెలలో ఆబర్న్ దగ్గర, రెండు పాయలు కలిసేచోట, ఒక తెలుగు కుటుంబం కనిపించింది. పులిహోర డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. తండ్రి ప్యాంటు మడిచి, ఆరేళ్ల పాపను చెయ్యి పట్టుకుని తడిబండ మీదికి తీసుకెళ్తున్నాడు. ఆగమంటే, "మాది గోదావరి జిల్లా అండీ, మాకు నీళ్లు కొత్తా?" అన్నాడు. ఒడ్డునే చెయ్యి మోచేతిదాకా ముంచి అరవై లెక్కపెట్టమన్నాను. ఇరవై దాటకముందే తీసేసి, ఎర్రబడ్డ వేళ్లను కాసేపు చూసుకున్నాడు. పాపను ఎత్తుకుని ఇసుకలోకి వెళ్లిపోయాడు. ఉత్తరపు పాయ మీద వరదను నిలిపి అదుపుచేసే పెద్ద జలాశయం లేదు, పగలు కరిగిన మంచు దిగువకు చేరేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది. పొద్దున మోకాటిలోతు ఉన్నచోట చీకటిపడేసరికి ఎంత ఉంటుందో చెప్పలేం. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఏట్లో పడితే లేచి నిలబడాలని చూడకూడదని కూడా మనవాళ్లకు తెలియదు. రాళ్ల మధ్య కాలు ఇరుక్కుంటే వెనక నుంచి వచ్చే నీరు మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. వెల్లకిలా తేలుతూ, పాదాలు దిగువకు పెట్టి, పక్కకు చేతులేసుకుంటూ ఒడ్డుకు రావాలి. అడ్డంపడ్డ చెట్టు కనిపిస్తే దానికి దూరంగా ఈదాలి. కొమ్మల్లోంచి నీళ్లు పోతాయి కానీ మనిషి పోలేడు.

దయచేసి మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ సంగతులు మీ పత్రికలో ఒకసారి పెద్దగా వెయ్యండి. ఇక్కడి తెలుగు సంఘాలు ఉగాది వేదిక మీద పది నిమిషాలు ఇస్తే లైఫ్ జాకెట్, తాడు తెచ్చి చూపించడానికి నాలాంటివాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలు ఫోన్లో "తిన్నావా" అని అడిగినట్టే, వీకెండ్‌కు ఏటికి వెళ్తున్నామంటే "జాకెట్ ఉందా" అని కూడా అడగాలి. కాలిఫోర్నియాలో చిన్న పడవల్లో పదమూడేళ్లలోపు పిల్లలకు అది చట్టప్రకారం తప్పనిసరి. ఇరవై రెండేళ్ల ఎమ్మెస్ కుర్రాడికి ఆ మాట చెప్పాల్సింది ఇంట్లోవాళ్లే.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఫోల్సమ్, కాలిఫోర్నియా