మాస్టర్సా, డాక్టరేటా?

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. పదకొండేళ్లు పాఠాలు చెప్పిన తరవాత మళ్లీ విద్యార్థిగా కూర్చోవాలనుకోవడం నాకెంతో సంతోషాన్నిచ్చింది. అయితే "ఎలాగూ చదువుతున్నాను కదా, పెద్ద డిగ్రీయే చేసేస్తే పోలేదా?" అన్న నీ మాట దగ్గర ఆగిపోయి, ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించాను.

విద్యాశాస్త్రంలో మాస్టర్స్ చేస్తే ఏడాదో రెండేళ్లో పాఠ్యప్రణాళిక, మూల్యాంకనం, అభ్యసన మనోవిజ్ఞానం వంటి విషయాల్లో ఇతరులు తేల్చినవాటిని నేర్చుకుని నీ తరగతికి అన్వయించుకుంటావు. డాక్టరేట్‌లో ఇంకా ఎవరూ తేల్చని ఒక్క ప్రశ్నతో నాలుగైదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం, కాపురం చేయాలి. నా డాక్టరేట్ మూడో ఏట మా గైడ్ వేరే విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. కోర్సు వర్క్ ముగిసి, తరగతి పరిశీలనల నోటుపుస్తకాలు బల్ల నిండా ఉన్నా, దాదాపు ఎనిమిది నెలలు పని ముందుకు సాగలేదు. నా ప్రశ్న మీద మమకారమే లేకపోతే అప్పుడే వదిలేసి ఉండేదాన్ని.

ఇక నువ్వడిగిన పీహెచ్‌డీకీ, విద్యారంగంలోనే ఇచ్చే డాక్టరేట్ అయిన ఈడీడీ (డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్)కీ తేడా సంగతి. మొదటిది పరిశోధకులకూ రెండోది పాఠశాలలను నడిపేవారికీ అని చెబుతారు గానీ, ఆ గీత అంత స్పష్టమైనది కాదు. అమెరికాలో ఈడీడీని మొదలుపెట్టిన హార్వర్డ్ విశ్వవిద్యాలయమే 2014లో దాని స్థానంలో పీహెచ్‌డీని తెచ్చింది. కాబట్టి పేరును పక్కన పెట్టి, సిద్ధాంత గ్రంథం ఎలాంటిది అడుగుతారో, ఫీజు ఎవరు భరిస్తారో చూడు. పూర్తికాలపు పీహెచ్‌డీకి తరచుగా ఉపకార వేతనం దొరుకుతుంది. ఉద్యోగం చేసుకుంటూ చదివే ఈడీడీకి చాలాచోట్ల మన డబ్బే పెట్టుకోవాలి.

నీ ఉత్తరం చివర, తడబడకుండా చదివే పిల్లలు చదివినదాని అర్థం ఎందుకు చెప్పలేకపోతున్నారని బాధపడ్డావు. ఉత్తరమంతటిలో నన్ను కదిలించినది అదే. దీని మీద ఇప్పటికే చాలా పరిశోధన జరిగింది, అందులో నీకు మిగిలిన చోటు ఏదో ముందు తెలుసుకోవాలి. అందుకే థీసిస్ ఉన్న మాస్టర్స్‌లో చేరి, ఒక్క తరగతితో ఆ ప్రశ్నను పరీక్షించి చూడమంటాను. రెండేళ్ల తరవాత కూడా అది నిన్ను వదలకపోతే డాక్టరేట్‌కు దరఖాస్తు పెట్టు, నీ పరిశోధన ప్రతిపాదనను నేనే కూర్చుని వాక్యం వాక్యం చదువుతాను.

ఈలోగా ఆ ప్రశ్నను ఏ వయసు పిల్లల గురించో, అర్థమైందని ఎలా నిర్ధారిస్తావో చెబుతూ ఒక్క పేజీలో రాసి పంపు.

నీ స్నేహితురాలు