చలికాలం టైరుకు రిమ్ తగ్గాలి, ఎత్తు మారకూడదు

సంపాదకుల వారికి,

చలి మొదలయ్యేసరికి మీ ప్రవాసుల పేజీలో ఏ కోటు కొనాలో, ఏ బూట్లు వేసుకోవాలో వివరంగా రాస్తారు. కారు విషయానికొస్తే ‘వింటర్ టైర్లు వేయించుకోండి’ అని ఒక్క ముక్కతో సరిపెడతారు. మామూలు సెడాన్‌కు ఆ ముక్క చాలు. స్ప్రింగులు మార్చి కిందికి దించిన స్పోర్ట్స్ కారుకు చాలదు. టొరంటో చుట్టుపక్కల మన కుర్రాళ్ల దగ్గర ఇలాంటి కార్లు ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం.

మన ఊళ్లలో అలాయ్ మార్చడమంటే రిమ్ సైజు పెంచడమే. మంచులో ఆ లెక్క తిరగబడుతుంది. సన్నటి టైరు మెత్తటి మంచునూ నీళ్ల మంచునూ కోసుకుని కింది రోడ్డును పట్టుకుంటుంది. వెడల్పు టైరు దానిమీద తేలుతుంది. రిమ్ చిన్నదైతే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, పెరుగుతుంది, మంచు కింద కనబడని గుంతలో పడ్డా రిమ్ అంత తేలిగ్గా వంగదు. కానీ మొత్తం వ్యాసం మాత్రం పాత టైరుదే ఉండాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

టయోటా జీఆర్86 స్పోర్ట్స్ కారు తీసుకుందాం. ప్రీమియం మోడల్‌కు కంపెనీ ఇచ్చేది 215/40 ఆర్18. 215 అంటే మి.మీ.లలో టైరు వెడల్పు. అందులో 40 శాతం 86 మి.మీ., అది సైడ్‌వాల్. కిందా పైనా కలిపి 172. 18 అంగుళాల రిమ్‌ను 25.4తో గుణిస్తే 457. మొత్తం 629 మి.మీ. ఇదే లెక్కలో 205/55 ఆర్16 వ్యాసం 632, అంటే అర శాతం కూడా తేడా లేదు. సైడ్‌వాల్ మాత్రం 86 నుంచి 113కు పెరిగింది. పైగా ఇది ఎక్కడైనా దొరికే సైజు, ధర కూడా తక్కువే. లోడ్ ఇండెక్స్ 91, అంటే టైరుకు 615 కిలోలు, ఈ కారుకు ధారాళం. నా ఓటు దీనికే. ఒక్క షరతు: రిమ్ లోపల బ్రేకులకు చోటు సరిపోవాలి. 16 అంగుళాల రిమ్ అన్నీ ఒకేలా ఉండవు. స్పోకు వంపును బట్టి ఒకటి కాలిపర్‌ను (బ్రేకు డిస్కును నొక్కే భాగం) దాటుతుంది, ఇంకోటి తగులుతుంది. టైరు ఎక్కించకముందే ఉత్త రిమ్‌ను హబ్‌కు (కారు మీద చక్రం కూర్చునే భాగం) బిగించి చేత్తో తిప్పి చూడాలి. పెద్ద బ్రెంబో కాలిపర్లున్న కారైతే 16 జోలికి పోవద్దు. 17 రిమ్‌లో కూడా కాలిపర్‌ను దాటేది చూసుకుని, దానికి 215/45 ఆర్17 వేసుకోవాలి. దాని వ్యాసం 625.

‘కారు ఎలాగూ కిందికి ఉంది కదా, కాస్త పొడుగు టైరు వేస్తే మంచు తగలదు’ అని 205/50 ఆర్17 అడిగేవాళ్లున్నారు. దాని వ్యాసం 637. ఎనిమిది మి.మీ. పెరిగింది నిజమే, కానీ కారు లేచేది అందులో సగం, నాలుగు. బంపర్ మంచును దున్నడం ఆగదు. పైన ఫెండర్ దగ్గర ఉన్న కాస్త ఖాళీలోంచి మాత్రం ఆ నాలుగూ పోతాయి.

లోపలి వైపు ఇంకా ముఖ్యం. కాయిలోవర్ (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ జత) వేసి కిందికి దించితే స్ప్రింగును మోసే పళ్లెం టైరు భుజానికి దగ్గరగా వస్తుంది. వేసవిలో అక్కడ నాలుగైదు మి.మీ. సందు ఉన్నా నడిచిపోతుంది. చలికాలంలో ఆ సందులో మంచు కూరుకుని రాయిలా గడ్డకట్టి టైరును చెక్కుతుంది. కనీసం పది మి.మీ. వదలాలి. కంపెనీ రిమ్ 7.5 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ (రిమ్ వెడల్పు నడిమి గీత నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎంత బయటికి ఉందో ఆ కొలత) 48 మి.మీ. దాని బదులు 7 అంగుళాల వెడల్పు, 45 ఆఫ్‌సెట్ ఉన్నది తీసుకుంటే రిమ్ అంచు లోపల తొమ్మిది, బయట మూడు మి.మీ. వెనక్కి తగ్గుతుంది. వేసవికి 9 అంగుళాల వెడల్పు రిమ్ వాడేవాళ్లు దానిమీదే 205 ఎక్కించకండి. 205/55కు 5.5 నుంచి 7.5 అంగుళాల వరకే.

కొలతలకు టేపు చాలదు. పిల్లలు ఆడుకునే క్లే ముద్దలు తెచ్చి స్ప్రింగు పళ్లెం మీదా, ఫెండర్ లోపలి ప్లాస్టిక్ లైనర్ మీదా అంటించండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, స్పీడ్‌బ్రేకర్ మీదుగా నెమ్మదిగా పోనివ్వండి. దిగి చూస్తే ముద్ద ఎంత నలిగిందో అదే చెబుతుంది. నలగకుండా మిగిలిన మందమే మీ ఖాళీ.

కాయిలోవర్ ఉన్నవాళ్లు నవంబరులో 15-20 మి.మీ. పైకి లేపుకోవడం మంచిది. లేపాక అలైన్‌మెంట్ తప్పనిసరి, ఎత్తు మారితే టో, అంటే చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం, మారుతుంది. కాయిలోవర్ మరల మీద రోడ్డు ఉప్పు పేరుకుని బిగుసుకుపోకుండా గ్రీజు పూయండి. లేకపోతే ఏప్రిల్‌లో ఎత్తు మార్చే రింగు కదలదు.

మంచులో జారకుండా టైర్లకు గొలుసులు వేయాల్సిన కొండదారుల్లో తిరిగేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. అమెరికా ప్రమాణాల్లో అతి తక్కువ చోటు అడిగే ‘ఎస్’ తరగతి గొలుసుకే టైరు పైన 37, పక్కన 15 మి.మీ. ఖాళీ కావాలి. దించిన కారులో అంత చోటు అరుదు.

టైరు మీద కొండ బొమ్మలో మంచుపువ్వు గుర్తు ఉందో లేదో చూడండి. క్యూబెక్‌లో రిజిస్టరైన కార్లకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి. అక్కడ ఉత్త ‘ఎం ప్లస్ ఎస్’ (మడ్ అండ్ స్నో) ముద్ర చెల్లదు. జర్మనీలోనూ 2024 అక్టోబరు 1 నుంచి చెల్లడం లేదు. వెనక చక్రాలతో నడిచే కారు కదా అని వెనక రెండే వేయించుకుంటే కారు కదులుతుంది, మలుపులో తిరగదు. నాలుగూ వేయాలి.

ఈ కారు హబ్ రంధ్రం 56.1 మి.మీ. బయటి రిమ్ రంధ్రం పెద్దదైతే మధ్యలో రింగు వేయించండి, లేకపోతే స్టీరింగ్ వణుకుతుంది. నట్లు 120 న్యూటన్ మీటర్లకు బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో ఇంకోసారి చూసుకోవాలి. గాలి మాత్రం బయటి చలిలోనే కొలవాలి. వెచ్చటి గరాజ్‌లో సరిపెట్టిన ప్రెషర్, 20 డిగ్రీలు చల్లగా ఉన్న బయటికి వచ్చి టైరు చల్లారాక మూడున్నర పీఎస్‌ఐ దాకా తగ్గిపోతుంది.

ఇట్లు,
టైర్ల పని తెలిసిన ఒక పాఠకుడు,
మిస్సిసాగా