పాట పంపితే పేర్లు కూడా పంపండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది విజయనగరం. అయ్యకోనేరు వైపు ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నేను సంగీతం నేర్చుకున్న మనిషిని కాదు, సరళీ స్వరాలు కూడా రావు, కానీ పొద్దున్న మిషన్ మీద కూర్చున్నప్పటి నుంచి రాత్రి లైటు తీసేదాకా ఏదో ఒక కచేరీ వింటూనే ఉంటాను. మీ పేపర్లో సంగీతం గురించి ఎప్పుడైనా వస్తే అది సన్మానమో, వర్ధంతో, ఆరాధనోత్సవమో అయి ఉంటుంది. ఇంట్లో పని చేసుకుంటూ రోజూ వినేవాళ్ళ గురించి ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తున్నాను.

ముందు నా బాధ చెప్పేస్తాను. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో రోజూ ఒక కీర్తన వస్తుంది. కింద దండాలు, పూలు, "తప్పక వినండి" అని ఉంటాయి, పాడింది ఎవరో మాత్రం ఉండదు. మొన్న ఒకటి "బాలమురళి గారి అరుదైన కీర్తన" అని వచ్చింది. పెట్టగానే అర్థమైపోయింది, అది నేదునూరి కృష్ణమూర్తి గారి గొంతు. ఆ మహానుభావుడు మన ఊరి సంగీత కళాశాలలోనే చదువుకున్నారు! విజయనగరం వాళ్ళ గ్రూపులో, విజయనగరంలో చదువుకున్న ఆయన పాట వేరొకరి పేరు మీద తిరుగుతుంటే నాకు అన్నం సయించలేదు. ఇద్దరూ గొప్పవాళ్ళే, ఒకరిని తగ్గించి ఇంకొకరిని పెంచాలని కాదు, ఎవరి పాట వాళ్ళ పేరు మీద ఉండాలి కదా.

పేరు ఎందుకంత ముఖ్యమంటే ఒక సంగతి చెబుతాను. "నానాటి బతుకు నాటకము" మనందరికీ వచ్చు, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడింది విని కళ్ళు తుడుచుకోని ఇల్లు ఉండదు. చాలామంది ఆ బాణీ కూడా అన్నమయ్యదే అనుకుంటారు. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, అంతేగాని స్వరాలు లేవు. మనం ఇవాళ పాడుకుంటున్న బాణీలు చాలావరకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి గారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు లాంటివాళ్ళు మన కాలంలో కూర్చుని కట్టినవే. రేవతి రాగంలో ఆ "నానాటి బతుకు"ని కట్టింది నేదునూరి గారు. ఈ మాట తెలిశాక అదే పాట మళ్ళీ విని చూడండి, పాడేవారి వెనకాల ఇంకో మనిషి కూర్చుని ఉన్నట్టు ఉంటుంది.

నేను ఎలా వింటానో చెబుతాను, మీకు వింతగా ఉంటుందేమో. బట్ట కటింగ్ చేసేటప్పుడు ఏమీ పెట్టను, మనసు పాట మీదకి పోతే మెడ కొలత తప్పిపోతుంది. మిషన్ తొక్కేటప్పుడు చప్పుడుకి తట్టుకునేవి కావాలి, అందుకని షేక్ చినమౌలానా గారి నాదస్వరం పెడతాను, డోలు దరువు మిషన్ చప్పుడు మీద నుంచి కూడా వినిపిస్తుంది. లేదంటే బాలమురళి గారి "నగుమోము", అది ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఇక హుక్కులు, కాజాలు, చేతి కుట్టు పని ఉంటుంది చూశారా, అది మధ్యాహ్నం రెండు దాటాక, వీధి సద్దుమణిగాక చేస్తాను. రాగాలాపన, అంటే కీర్తన ముందు మాటల్లేకుండా రాగం ఒక్కటే పాడేది, దానికోసం దాచుకుంటాను. చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది, చెవి ఖాళీగా ఉంటుంది. ఒక జాకెట్టుకి ఆరు హుక్కులు, ఆరు కాజాలు అయ్యేసరికి ఒక ఆలాపన అయిపోతుంది. పక్కింటి అమ్మాయి ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయి "అప్పా, ఇది ఎవులు పాడుతున్నారు?" అని అడిగింది ఒకసారి. ఓలేటి వెంకటేశ్వర్లు గారు అని చెప్పాను. తర్వాత వారం జాకెట్టు పని ఏమీ లేకుండానే వచ్చి కూర్చుంది. పేరు తెలిస్తేనే కదా మళ్ళీ వెతుక్కునేది.

ఆ ఓలేటి గారి పాట నాకు మా నాన్న ఇచ్చిన ఆస్తి. నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పని చేసేవారు. రేడియోలో కచేరీ ఉందంటే షిఫ్టు మార్చుకుని మరీ ఇంట్లో ఉండేవారు. రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టి రికార్డు చేసేవారు, వైరు గియిరు ఏమీ లేదు, అందుకే ఇంట్లో చప్పుళ్ళన్నీ అందులో పడిపోయేవి. అరవై నిమిషాల క్యాసెట్టు. దాని అట్ట మీద నీలం సిరాతో "ఓలేటి - ఖరహరప్రియ, వయొలిన్ అన్నవరపు రామస్వామి, మృదంగం దండమూడి రామమోహనరావు" అని ముగ్గురి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో రాసుకున్నారు. పక్క వాయిద్యం వాళ్ళని చిన్న అక్షరాల్లో రాయలేదు మా నాన్న. ఆలాపన పైకి ఎక్కి పై షడ్జమం, అంటే పై "స", దగ్గరికి చేరి నిలబడిన చోట క్యాసెట్టు ఒక వైపు అయిపోతుంది, టక్. రెండో వైపు మొదలయ్యేసరికి వయొలిన్ సగంలో ఉంటుంది. ఎన్నో ఏళ్ళు ఖరహరప్రియ రాగం అంటే నాకు అక్కడ ఆగిపోవడమే, ఆ టక్ కూడా రాగంలో ఉన్నట్టే. ఇంకొకటి, "చక్కని రాజమార్గములుండగ" అని కీర్తన ఎత్తుకున్న కాసేపటికి వెనకాల మా అమ్మ గొంతు వినిపిస్తుంది, "అన్నం పెట్టీమంటారా?" అని. నాన్న జవాబు ఇవ్వరు.

ఆ క్యాసెట్టుని ఫోన్లోకి ఎక్కించమని ఒక దుకాణంలో ఇచ్చాను. చాలా రోజులు తిప్పించుకున్నారు. చివరికి టేపు లోపల చుట్టుకుని నలిగిపోయిందని చేతిలో పెట్టారు. వయొలిన్ ముక్క, కీర్తనలో పల్లవి దాకా మిగిలింది, అమ్మ మాట మిగల్లేదు. ఎవరినీ తిట్టను, తప్పు నాది కూడా, ఇంట్లో చేసుకోగలిగిన పని బయట ఇచ్చాను. అందుకే చెబుతున్నాను, మీ ఇళ్ళల్లో అటక మీద ఇలాంటి క్యాసెట్లు ఉంటే ఈ వానాకాలం దాటనివ్వకండి, టేపుకి బూజు పడుతుంది. ముందు టేప్ రికార్డర్ హెడ్డుని స్పిరిట్లో ముంచిన దూదితో తుడవండి. క్యాసెట్టుని వెంటనే ప్లే చెయ్యకుండా ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పండి, అతుక్కున్న పొరలు విడతాయి. ఇయర్‌ఫోన్ పెట్టే చోటు నుంచి ఒక వైరు కంప్యూటర్‌కి పెడితే చాలు, రికార్డయిపోతుంది. అది కూడా రాకపోతే ఎదురుగా ఫోను పెట్టి రికార్డు చేసినా మేలే, మా నాన్న చేసింది అదే కదా. అట్ట మీద రాత ఉంటే దాన్ని కూడా ఫోటో తీసుకోండి.

మన ఊరి పేరు ఎత్తితే అందరూ ఘంటసాల మాస్టారు మధూకరం అడుక్కుని చదువుకున్న సంగతి చెబుతారు, చెప్పవలసిందే. 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారని కూడా చెబుతారు. కానీ ఆ ఏడాదే వయొలిన్ చెప్పడానికి వచ్చి, 1936లో దాసు గారి తర్వాత ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ మనలో ఎంతమంది చెవిన పడింది? వయొలిన్ అంటే పాడేవాళ్ళ పక్కన కూర్చుని వాయించేదే అనుకునే రోజుల్లో ఒక్కరే కూర్చుని కచేరీలు చేసిన మనిషి. ఆయన పాత 78 గ్రామఫోను రికార్డులు ఫోన్లో దొరుకుతాయి. ఒక్కో వైపు మూడు నిమిషాల పైన పట్టదు, ఆ మూడు నిమిషాల్లోనే అంతా చెప్పెయ్యాలి. గీతల చప్పుడు చిటపటమంటుంటే మొదట్లో విసుగ్గా ఉంటుంది, నిజమే. రెండోసారి వినండి. వయొలిన్ కమాను లాగినంతసేపూ ఊపిరి తీసుకుంటున్నట్టుంటుంది, వాయిద్యమని మర్చిపోయి "ఎవరు పాడుతున్నారు" అనిపిస్తుంది. నేను ఆయన్ని ఉదయం టీ కాచేటప్పుడు వింటాను, పాలు పొంగేలోపు ఒక వైపు అయిపోతుంది.

సంపాదకులు గారూ, నా కోరిక చిన్నది. వారానికి ఒక రోజు జిల్లా పేజీలో అరచెయ్యంత జాగా ఇవ్వండి. పాఠకులు ఈ వారం ఏం విన్నారో, ఎవరు పాడారో, వయొలిన్ ఎవరో, మృదంగం ఎవరో, ఏ పని చేసుకుంటూ విన్నారో నాలుగు ముక్కలు రాస్తారు. పండితులే రాయాలని పెట్టకండి, మాలాంటి వాళ్ళని రాయనివ్వండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చేసేవాళ్ళు చెక్కుతూ ఏం వింటారో నాకు తెలుసుకోవాలని ఉంది. శ్రీకాకుళం బస్సులో రోజూ ఉద్యోగానికి పోయేవాళ్ళు చెవిలో ఏం పెట్టుకుంటారో కూడా.

మొదటి ఉత్తరం నాదే అనుకోండి. ఈ వారం ఓలేటి గారి ఖరహరప్రియ, మిగిలిన ముక్క. ఆ కచేరీ ఎవరింట్లోనైనా, రేడియోలో పట్టుకున్నది, పై షడ్జమం దగ్గర తెగకుండా ఉంటే మీ పేపర్ ద్వారా ఒక్క మాట చెప్పమనండి. క్యాసెట్టు నేనే వచ్చి అక్కడే కూర్చుని వింటాను, ఇంటికి తీసుకుపోను.

ఇట్లు,
జాకెట్లు కుట్టుకునే ఒక పాఠకురాలు,
విజయనగరం